ఎంత ఇంజిన్‌కు అంత గాలి: టర్బోనా, సూపర్‌చార్జరా?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే తెలుగువారికి రెండు గుర్తొస్తాయి. ఒకటి, ఉత్తరాంధ్ర నుంచి తరతరాలుగా వలస వెళ్లిన కుటుంబాలకు అన్నం పెట్టిన రైల్వే వర్క్‌షాప్. రెండోది, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ. ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న పేటే ప్రేమ్ బజార్. ఒక పక్క డీజిల్ ఇంజన్లను విప్పి బిగించే చేతులు, మరో పక్క 2008 నుంచి ‘టీమ్‌కార్ట్’ పేరుతో ఫార్ములా తరహా రేసు కార్లు తయారుచేస్తున్న విద్యార్థులు. ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా ఎక్కించడం ఎలా అన్న ప్రశ్న ఈ రెండు లోకాలకూ ఉమ్మడి.

స్పోర్ట్స్ కారు గురించి ఆలోచించేవారందరికీ ఎదురయ్యే ప్రశ్న కూడా అదే. టర్బో మంచిదా, సూపర్‌చార్జరా? సూపర్‌చార్జరైతే ఏ రకం? సాధారణంగా ఈ చర్చ ‘ఏది ఎక్కువ హార్స్‌పవర్ ఇస్తుంది’ దగ్గరే ఆగిపోతుంది. నిజానికి తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. అదనపు గాలి ఇంజిన్ ఏ వేగంలో ఉన్నప్పుడు కావాలి? ఆ గాలిని నొక్కే ఖర్చు ఎవరు భరిస్తారు? అసలు ఇంజిన్‌లోకి ఇంకా గాలి పట్టే చోటుందా? ఈ మూడింటికి జవాబు దొరికితే యంత్రం ఎంపిక దానంతట అదే తేలుతుంది.

గాలి ఎందుకు?

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంధనం ఎక్కువ పోయడం తేలిక, పంపు పెద్దది పెడితే చాలు. గాలి అలా కాదు. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే ఖాళీలోకి వాతావరణ పీడనం ఎంత నెడితే అంతే వస్తుంది. ఇంకా కావాలంటే ఇంజిన్ పరిమాణం పెంచాలి, లేదా మరింత వేగంగా తిప్పాలి, లేదా గాలిని నొక్కి పంపాలి. మూడో దారికే ఫోర్స్‌డ్ ఇండక్షన్ అని పేరు. కంప్రెసర్‌ను ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ తిప్పితే అది సూపర్‌చార్జర్. బయటికి పోయే వేడి పొగ తిప్పితే టర్బోచార్జర్. తేడా మొత్తం ఈ ఒక్క మాటలోనే ఉంది.

ఆలోచన కొత్తది కాదు. గాలిని ముందుగా నొక్కి పంపే పద్ధతికి గాట్లీబ్ డైమ్లర్ 1885లోనే పేటెంటు తీసుకున్నాడు. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో పొగతో తిరిగే కంప్రెసర్‌కు పేటెంటు పొందాడు. మెర్సిడెస్ 1921లో బెర్లిన్ ప్రదర్శనలో సూపర్‌చార్జర్ కార్లను చూపింది.

సూపర్‌చార్జర్లలో మూడు రకాలు

రూట్స్: అమెరికాలోని ఇండియానాకు చెందిన రూట్స్ సోదరులు 1860లో రూపొందించిన బ్లోయర్ ఇది. మోటారు కారు పుట్టకముందే వచ్చింది. రెండు రోటర్లు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతూ గాలిని అటు నుంచి ఇటు తోస్తాయి. ఇది లోపల గాలిని నొక్కదు, తరలిస్తుందంతే. బయటి పైపులో గాలి గుమిగూడి పీడనం పెరుగుతుంది. ఒక్కో చుట్టుకు ఒకే కొలత గాలి వస్తుంది కాబట్టి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నా బూస్ట్ దాదాపు పూర్తిగా అందుతుంది. లోపం వేడి. పాత రూట్స్ బ్లోయర్లు గాలిని బాగా కాచి పంపుతాయి. మెలితిప్పిన నాలుగు లోబ్‌లతో ఈటన్ కంపెనీ తెచ్చిన టీవీఎస్ తరహా రోటర్లు ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దాయి.

ట్విన్ స్క్రూ: స్వీడన్ ఇంజినీరు ఆల్ఫ్ లీస్‌హోమ్ 1930ల్లో అభివృద్ధి చేసిన పద్ధతి. రెండు మరల్లాంటి రోటర్లు ఒకదాంట్లో ఒకటి ఇమిడి తిరుగుతూ గాలిని లోపలే నొక్కేస్తాయి. తక్కువ వేగంలో బూస్ట్ ఇవ్వడంలో రూట్స్‌కు తీసిపోదు, పైగా గాలి వేడెక్కడం తక్కువ. రోటర్లను అతి కచ్చితమైన కొలతలతో చెక్కాలి కాబట్టి ధర ఎక్కువ. బూస్ట్ అక్కర్లేనప్పుడు కూడా లోపల గాలిని నొక్కుతూనే ఉంటుంది కనుక నిలకడ ప్రయాణంలో కొంత శక్తి వృథా అవుతుంది.

సెంట్రిఫ్యూగల్: చూడ్డానికి టర్బోలో సగభాగంలా ఉంటుంది. అదే నత్తగుల్ల ఆకారం, అదే చక్రం. తిప్పేది మాత్రం బెల్టు లేదా గేర్లు. చిన్నది, తేలికైనది, సామర్థ్యం ఎక్కువ. అయితే దీని బూస్ట్ సుమారుగా వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. గరిష్ఠ వేగంలో 0.6 బార్ ఇచ్చేది, సగం వేగంలో ఇచ్చేది 0.15 బార్ దగ్గరే. అంటే ఎర్రగీత దాకా తిప్పేవాడికి పండగ, ఊళ్లో నడిపేవాడికి ఉపవాసం. అందుకే ఎక్కువ వేగంతో తిరిగే ఇంజన్లకు ఇది నప్పుతుంది. 2015లో వచ్చిన కవాసాకి నింజా హెచ్2 మోటార్‌సైకిల్‌లో చక్రం క్రాంక్‌షాఫ్ట్ కంటే 9 రెట్లకు పైగా వేగంతో తిరుగుతుంది. ఇంజిన్ 14,000 ఆర్పీఎం చేరితే చక్రం సుమారు 1,30,000.

టర్బో: పొగతో నడిచే పంపు

పెట్రోలులోని శక్తిలో సుమారు మూడో వంతు పొగ రూపంలో బయటికి పోతుంది. టర్బో ఆ పొగ దారిలో ఒక టర్బైన్ పెట్టి, అదే షాఫ్ట్ మీద రెండో చివర ఉన్న కంప్రెసర్‌ను తిప్పుతుంది. పారబోసే నీళ్లతో మొక్క పెంచినట్టు. అయినా ఇది పూర్తిగా ఉచితం కాదు. టర్బైన్ అడ్డు ఉండటంతో పొగ బయటికి పోవడానికి పిస్టన్ మరికాస్త గట్టిగా నెట్టాలి. ఆ నష్టం బెల్టుతో తిప్పే ఖర్చు కంటే సాధారణంగా తక్కువ.

అసలు లోపం ఆలస్యం. పెడల్ తొక్కాక పొగ పెరగాలి, పొగతో టర్బైన్ వేగం అందుకోవాలి, అప్పుడు బూస్ట్ రావాలి. ఈ ఎదురుచూపునే టర్బో లాగ్ అంటారు. టర్బో పెద్దదయ్యేకొద్దీ గరిష్ఠ శక్తీ పెరుగుతుంది, ఎదురుచూపూ పెరుగుతుంది. చిన్నదైతే త్వరగా లేస్తుంది, పైవేగంలో ఊపిరాడదు. ట్విన్ స్క్రోల్, కదిలే రెక్కలున్న టర్బైన్, రెండు టర్బోలు, ఇవన్నీ ఈ బేరాన్ని కాస్త మెరుగుపరిచేందుకు చేసిన ప్రయత్నాలే. బూస్ట్ హద్దు మీరకుండా కొంత పొగను పక్కదారి పట్టించేది వేస్ట్‌గేట్.

రైల్వే ఊరికి తెలిసిన పాఠం

టర్బో లాగ్‌ను కళ్లతో చూడాలంటే పాత డీజిల్ ఇంజిన్ కదిలే క్షణం చూడాలి. భారతీయ రైల్వేలు 1962లో అమెరికా నుంచి తెచ్చుకుని, తర్వాత వారణాసిలో వందల సంఖ్యలో తయారుచేసిన డబ్ల్యూడీఎం-2లో ఉన్నది 16 సిలిండర్ల ఆల్కో ఇంజిన్, 2600 హార్స్‌పవర్, టర్బోచార్జర్‌తో. డ్రైవరు నాచ్ పెంచగానే ఇంధనం వెంటనే పెరుగుతుంది. టర్బో మాత్రం అంత త్వరగా వేగం అందుకోదు. గాలి చాలక సగం మండిన డీజిల్ నల్లటి పొగగా ఆకాశంలోకి లేస్తుంది. కాసేపటికి టర్బో అందుకుంటుంది, పొగ పలచబడుతుంది. ఖరగ్‌పూర్ నుంచి కాజీపేట దాకా రైల్వే కాలనీల్లో పెరిగిన పిల్లలందరూ చూసిన దృశ్యమిది.

దీనికి మరో కంపెనీ కనిపెట్టిన పరిష్కారం కూడా మన పట్టాల మీదే ఉంది. డబ్ల్యూడీజీ-4 గూడ్స్ ఇంజిన్‌లోని ఈఎండీ 710 రెండు స్ట్రోకుల రకం. గాలిని తనంతట తాను పీల్చుకోలేదు, మొదటి క్షణం నుంచీ ఎవరో ఒకరు ఊదాల్సిందే. అందుకే దాని టర్బోను గేర్లు, క్లచ్ ద్వారా క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపారు. పొగ తక్కువగా ఉన్నంతసేపు క్రాంక్‌షాఫ్టే దాన్ని తిప్పుతుంది, అంటే అప్పుడది సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్. పొగ బలం పెరిగాక క్లచ్ విడిపోయి అదే యంత్రం టర్బోగా మారుతుంది. ఇదే ఈఎండీ కుటుంబంలోని పాత 567 ఇంజన్లు రూట్స్ బ్లోయర్లతో నడిచేవి. స్పోర్ట్స్ కార్ల ప్రపంచం వాదించుకునే రకాల్లో స్క్రూ తప్ప మిగిలినవన్నీ రైలింజన్లు వాడి చూసినవే.

వేడి లెక్క

సామర్థ్యంలో తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. బయట 35 డిగ్రీల ఎండ ఉందనుకుందాం. గాలిని 0.6 బార్ బూస్ట్‌తో, సెకనుకు 0.2 కిలోల చొప్పున పంపాలి. ఇది సుమారు 260 హార్స్‌పవర్ ఇంజిన్‌కు సరిపోయే గాలి.

కంప్రెసర్ సామర్థ్యం 55 శాతమైతే, అంటే పాతకాలపు రూట్స్ అయితే, గాలి 115 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. తిప్పడానికి సుమారు 22 హార్స్‌పవర్ కావాలి. 70 శాతమైతే, అంటే మంచి స్క్రూ అయితే, 98 డిగ్రీలు, 17 హార్స్‌పవర్. 75 శాతమైతే, అంటే సెంట్రిఫ్యూగల్ లేదా టర్బో కంప్రెసర్ అయితే, 94 డిగ్రీలు, 16 హార్స్‌పవర్. బెల్టు, గేర్ల నష్టాలు వీటికి అదనం. టర్బోలో ఈ ఖర్చు క్రాంక్‌షాఫ్ట్ నుంచి కాకుండా చాలావరకు పొగ నుంచి వస్తుంది.

వేడి గాలికి రెండు దోషాలున్నాయి. పలచగా ఉంటుంది కాబట్టి నొక్కిన ఫలితం కొంత తగ్గిపోతుంది. సిలిండర్‌లో మిశ్రమం వేళ కాని వేళ అంటుకుని నాకింగ్ మొదలవుతుంది. ఇది ముదిరితే పిస్టన్‌కే చేటు. అందుకే బూస్ట్ కాస్త పెరిగిందంటే ఇంటర్‌కూలర్ తప్పనిసరి. చల్లని దేశాల్లో రాసిన బూస్ట్ లెక్కలను మే నెల విజయవాడకో ఖరగ్‌పూర్‌కో యథాతథంగా తెచ్చుకుంటే ఇంజిన్ చేతిలో పెట్టుకోవాల్సి వస్తుంది.

ఖర్చు పెద్ద ఇంజన్లలో ఎంత ఉంటుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2015 డాడ్జ్ హెల్‌క్యాట్‌లోని 6.2 లీటర్ల వీ8 ఇచ్చేది 707 హార్స్‌పవర్. పూర్తి వేగంలో దాని ట్విన్ స్క్రూ సూపర్‌చార్జర్‌ను తిప్పడానికే సుమారు 80 హార్స్‌పవర్ పోతుంది.

ఇరవై మిల్లీమీటర్ల రంధ్రం

ఇక విద్యార్థుల కార్ల సంగతి. టీమ్‌కార్ట్ లాంటి జట్లు పోటీపడే ఫార్ములా స్టూడెంట్ నిబంధనల ప్రకారం పెట్రోలు ఇంజిన్ 710 సీసీ దాటకూడదు, నాలుగు స్ట్రోకులదై ఉండాలి. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒకే ఒక్క రంధ్రం గుండా పోవాలి. టర్బో, సూపర్‌చార్జర్ రెండూ అనుమతించినవే. అయితే ముందు రెస్ట్రిక్టర్, తర్వాత కంప్రెసర్, ఆ తర్వాత థ్రాటిల్ అనే వరుస తప్పకూడదు.

ఈ నిబంధన మొత్తం చర్చను తలకిందులు చేస్తుంది. రంధ్రంలో గాలి ధ్వని వేగం అందుకున్నాక వెనక ఎంత బలంగా పీల్చినా ఒక్క గ్రాము ఎక్కువ రాదు. మామూలు వాతావరణంలో 20 మిల్లీమీటర్ల రంధ్రం సెకనుకు వదిలే గాలి గరిష్ఠంగా 74 గ్రాములు. దానికి సరిపడే పెట్రోలు మండించి, అందులో 30 శాతం శక్తి క్రాంక్‌షాఫ్ట్‌కు చేరిందనుకుంటే వచ్చేది సుమారు 90 హార్స్‌పవర్. ఏ టర్బో పెట్టినా ఈ గోడ దాటలేరు.

అప్పుడు ఎంపిక ఇంజిన్‌ను బట్టి మారుతుంది. 600 సీసీ నాలుగు సిలిండర్ల మోటార్‌సైకిల్ ఇంజిన్ 12,000 ఆర్పీఎం దగ్గర సెకనుకు 70 గ్రాముల చొప్పున గాలి పీల్చగలదు. అంటే రంధ్రం అప్పటికే దాదాపు నిండిపోయింది. అలాంటి ఇంజిన్‌కు టర్బో పెడితే గరిష్ఠ శక్తి పెరగదు. అదే శక్తి తక్కువ వేగం నుంచే అందుబాటులోకి వస్తుంది, టార్క్ వక్రరేఖ ఎడమవైపు నిండుతుంది.

భారతీయ విద్యార్థి జట్లు తరచుగా వాడే కేటీఎం 390 లాంటి ఒంటి సిలిండర్ 373 సీసీ ఇంజిన్ సంగతి వేరు. 9,000 ఆర్పీఎం దగ్గర అది పీల్చేది సెకనుకు 33 గ్రాముల లోపే. రంధ్రం సామర్థ్యంలో సగం కూడా వాడుకోవడం లేదు. ఇక్కడ బూస్ట్‌కు నిజమైన చోటుంది. ఎంత చెట్టుకు అంత గాలి అన్న సామెతను ఇక్కడ అక్షరాలా తీసుకోవచ్చు.

మరి ఏ యంత్రం? ఒంటి సిలిండర్ ఇంజిన్ 6,000 ఆర్పీఎం దగ్గర సెకనుకు 50 సార్లే పొగ వదులుతుంది. నాలుగు సిలిండర్లదైతే 200 సార్లు. తెరలు తెరలుగా వచ్చే పొగతో టర్బైన్‌ను నిలకడగా తిప్పడం కష్టం. పైగా రెస్ట్రిక్టర్ ముందుండటం వల్ల కంప్రెసర్ ముఖద్వారం దగ్గర పీడనం వాతావరణం కంటే తగ్గిపోతుంది. మామూలు టర్బోల సీళ్లు ఆ పరిస్థితికి చేసినవి కావు, బేరింగుల నూనె కంప్రెసర్‌లోకి లాగబడుతుంది. చిన్న రూట్స్ రకం సూపర్‌చార్జర్‌కు ఈ పొగ తిప్పలు లేవు. పెడల్‌కు వెంటనే స్పందిస్తుంది. బదులుగా బరువు, బెల్టు అమరిక, శక్తి నష్టం మోయాలి.

ఈ పోటీల్లో ట్రాక్ మెలికలతో నిండి ఉంటుంది. 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగులో సగటు వేగం గంటకు 50 కిలోమీటర్ల చుట్టూ ఉండేలా రూపొందిస్తారు. మలుపు నుంచి బయటికి వచ్చే క్షణంలో టార్క్ ఎంత, అది డ్రైవరు పాదానికి ఎంత విధేయంగా వస్తుంది అన్నదే సమయాన్ని నిర్ణయిస్తుంది. ఇంధన పొదుపుకూ మార్కులున్నాయి. కొత్త భాగం అంటే కొత్త వైఫల్యం కూడా. పరుగు పూర్తి చేయని కారుకు ఎండ్యూరెన్స్ మార్కుల్లో పెద్ద భాగం గల్లంతే. చాలా జట్లు బూస్ట్ లేకుండానే వెళ్లడం వెనక ఉన్నది ఈ లెక్క.

1930 లె మాన్స్ రేసు కూడా ఇదే చెప్పింది. సూపర్‌చార్జర్ పెట్టిన 4½ లీటర్ల ‘బ్లోయర్’ బెంట్లీలు మధ్యలోనే ఆగిపోయాయి. గెలిచింది బూస్ట్ లేని 6½ లీటర్ల బెంట్లీ. కంపెనీ స్థాపకుడు డబ్ల్యూ.ఓ. బెంట్లీకి మొదటినుంచీ సూపర్‌చార్జర్ మీద నమ్మకం లేదు.

కంపెనీలు ఎటు వెళ్లాయి?

గత రెండు దశాబ్దాల్లో గాలి టర్బో వైపే వీచింది. 2002 మినీ కూపర్ ఎస్‌లో ఈటన్ సూపర్‌చార్జర్ ఉండేది. తర్వాతి తరం టర్బోకు మారింది. తొలి కార్లకు సూపర్‌చార్జర్లు వాడిన కోనిగ్‌సెగ్ తర్వాత టర్బోలు పట్టుకుంది. షెవ్రొలే కార్వెట్ జెడ్ఆర్1 ఈ మార్పుకు చక్కని కొలబద్ద. 2019 మోడల్‌లో 6.2 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వీ8 755 హార్స్‌పవర్ ఇస్తే, 2025 మోడల్‌లో 5.5 లీటర్ల జంట టర్బో వీ8 ఇచ్చేది 1,064. ఉద్గారాలు, మైలేజీ పరీక్షలు కఠినమయ్యేకొద్దీ క్రాంక్‌షాఫ్ట్ నుంచి శక్తి లాక్కునే యంత్రాన్ని సమర్థించుకోవడం కష్టమైంది.

రెండింటినీ కలిపినవారూ ఉన్నారు. 1985 లాన్సియా డెల్టా ఎస్4 ర్యాలీ కారులో కింది వేగానికి సూపర్‌చార్జర్, పైవేగానికి టర్బో. ఫోక్స్‌వ్యాగన్ 2005లో 1.4 లీటర్ల ఇంజిన్‌లో ఇదే పని చేసింది. ఖరీదు, సంక్లిష్టత కారణంగా ఈ దారి విస్తరించలేదు. ఇప్పుడు ఆ పాత్ర విద్యుత్ మోటారుది. 2022 మెర్సిడెస్-ఏఎంజీ సీ43లో, 2024 పోర్షే 911 కరేరా జీటీఎస్‌లో టర్బో షాఫ్ట్ మీదే చిన్న మోటారు ఉంటుంది. పొగ రాకముందే అది చక్రాన్ని లేపుతుంది. ఈఎండీ రైలింజిన్‌లో గేర్లు, క్లచ్ చేసే పనే ఇది.

ఎంపిక ఎలా?

మలుపులున్న ట్రాక్, పెద్ద ఇంజిన్, పెడల్ తొక్కగానే స్పందన ముఖ్యమైతే కొత్త తరం రూట్స్ గానీ ట్విన్ స్క్రూ గానీ తగినవి. బడ్జెట్ పరిమితమైతే మొదటిది, వేడి ప్రధాన సమస్యైతే రెండోది. ఇంజిన్ ఎక్కువసేపు పైవేగంలోనే తిరుగుతుంది, కింది వేగంలో టార్క్ పెరిగి టైర్లు జారకుండా ఉండాలి అనుకుంటే సెంట్రిఫ్యూగల్. చిన్న ఇంజిన్ నుంచి ఎక్కువ శక్తి, మంచి మైలేజీ రెండూ కావాలంటే టర్బో. అది కూడా కావాల్సిన గరిష్ఠ శక్తికి సరిపోయే వాటిలో అన్నిటికంటే చిన్నది.

నిర్వహణ కూడా లెక్కలోకి రావాలి. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, ఆధారం పలచని నూనె పొర మాత్రమే. నూనె మార్చడం ఆలస్యమైనా, జోరుగా నడిపి వెంటనే ఆపేసినా ఆ నూనె మాడి బేరింగులు పాడవుతాయి. సూపర్‌చార్జర్‌లో బెల్టు, గేర్ల నూనె చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

మన దేశంలో రోడ్డు మీద తిరిగే కారుకు బయట కొన్న కిట్ బిగించాలనుకునేవారు ముందు చట్టం చూడాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు నిర్దేశించిన ప్రాథమిక లక్షణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మరోసారి స్పష్టం చేసింది. బీమా, వారంటీ చిక్కులు అదనం. సొంతంగా బూస్ట్ ప్రయోగాలకు తగిన చోటు పోటీ ట్రాకే. రోడ్డు కారుకు కంపెనీయే బిగించిన టర్బో తీసుకోవడం మేలు.

ట్రాక్ కారు కట్టేవారు మొదట కంప్రెసర్ కేటలాగు తెరవకూడదు. ఇంజిన్ ఏ వేగంలో ఎంత గాలి పీలుస్తోంది, ఆ దారిలో ఇరుకు ఎక్కడుంది, ట్రాక్ మీద కారు ఎక్కువసేపు ఏ ఆర్పీఎంలో ఉంటుంది అని గ్రాముల్లో, సెకన్లలో రాసుకోవాలి. ఆ కాగితం మీద చోటు కనిపిస్తేనే బూస్ట్. కనిపించకపోతే అదే డబ్బు టైర్లకు, బరువు తగ్గించడానికి ఖర్చుపెట్టిన కారే ముందుంటుంది.